సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ విద్యార్థులకు మోడలింగ్ నేర్పడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల ఇంజనీరింగ్ కళాశాలలకు తెలుగు ఇళ్ల నుంచి వచ్చే విద్యార్థి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడి, పాఠం ఇంగ్లిషులో వింటాడు. పాఠం చెప్పే మాకు ఇది చాలాకాలం ఇబ్బందిగానే తోచింది. మోడలింగ్ విషయానికి వచ్చేసరికి అదే పెద్ద సంపద అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకే వస్తువుకు మూడు పేర్లు ఉండవచ్చునని, ఒకే పేరుకు రెండు అర్థాలు ఉండవచ్చునని ఈ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్లు రోజూ అందులోనే బతుకుతున్నారు. ఆ ఎరుకను ఆధారం చేసుకుని, ఒక వ్యవహారాన్ని చూసి దానికి సరిపడే మోడల్‌ను, అంటే అందులో ఏమేం ఉన్నాయో, ఏది దేనితో ముడిపడిందో చూపే వర్ణనను, సొంతంగా తయారు చేయగలిగే స్థాయికి విద్యార్థిని ఎలా తీసుకువెళ్లాలో ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తాను. మూడో సంవత్సరం విద్యార్థులు, 14 వారాల సెమిస్టర్, వారానికి రెండు తరగతులు, ఒక ల్యాబ్ అనే లెక్క మీద ఇది రాస్తున్నాను. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్ అయితే మరీ మంచిది. కారణం రెండో మెట్టులో చెబుతాను.

ముందుగా, నేను చేసిన పొరపాటు చెప్పాలి. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జాకబ్‌సన్ తమ తమ పద్ధతులను కలిపి రూపొందించిన యూఎంఎల్‌ను, అంటే మోడల్‌లను బొమ్మలుగా గీసే గుర్తుల భాషను, 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ ప్రమాణంగా స్వీకరించింది. ఇప్పుడున్న రెండో తరం యూఎంఎల్‌లో 14 రకాల డయాగ్రమ్‌లు ఉన్నాయి. మొదటి సంవత్సరాల్లో నేను వారానికో డయాగ్రమ్ చొప్పున వాటిని వరుసగా చెప్పుకుంటూ పోయాను. సెమిస్టర్ చివరికి విద్యార్థులు నిండు వజ్రం గుర్తుకు, ఖాళీ వజ్రం గుర్తుకు తేడా తడుముకోకుండా చెప్పేవారు. అదే విద్యార్థుల ముందు ఒక దుకాణం ఖాతా పుస్తకం పెట్టి, ఇందులో ఏమేం పెట్టెలుగా గీయాలి అని అడిగితే మౌనం వహించేవారు. వాళ్లకు నేను గుర్తులు నేర్పాను, చూడడం నేర్పలేదు. అప్పటి నుంచి సెమిస్టర్ మొత్తానికి నాలుగే డయాగ్రమ్‌లు చెబుతున్నాను: ఆబ్జెక్ట్ (ఒక్కో నిర్దిష్టమైన వస్తువు), క్లాస్ (అలాంటి వస్తువుల రకం), స్టేట్ మెషీన్ (ఒక వస్తువు స్థితులు మారే తీరు), సీక్వెన్స్ (ఎవరు ఎవరిని ఏ వరుసలో ఏది అడుగుతారన్నది). ఈ నాలుగూ చేతికి వచ్చినవారు తక్కినవాటిని అవసరమైనప్పుడు చదువుకోగలరు.

మొదటి మెట్టు: గీయడానికి ముందు ప్రశ్న రాయించండి

మొదటి వారంలో ఏ గుర్తూ పరిచయం చేయకండి. విద్యార్థులందరికీ తెలిసిన ఒక విషయాన్ని తీసుకోండి. మా దగ్గర నౌపడ–గుణుపురం రైలు మార్గం ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లోనే నేరో గేజ్ రైలు వచ్చింది. తరువాత ఆ దారి గుణుపురం దాకా సాగింది. ఇప్పుడది బ్రాడ్ గేజ్. తరగతిని మూడు భాగాలు చేసి, ఈ మార్గాన్ని ఒక్కో పేజీలో వర్ణించమనండి. మొదటి భాగం టికెట్ ఇచ్చే గుమస్తా కోసం, రెండో భాగం పట్టాలు పరీక్షించే గ్యాంగ్‌మన్ కోసం, మూడో భాగం ముసలి తల్లిదండ్రులతో ప్రయాణం చేయవలసిన మనిషి కోసం రాయాలి.

అరగంట తరువాత పేజీలు మార్పించండి. గ్యాంగ్‌మన్ కోసం వంతెనలు, మలుపులు, లెవెల్ క్రాసింగులు రాసిన పేజీతో గుమస్తా ఒక్క టికెట్ కూడా ఇవ్వలేడు. స్టేషన్ల వరుస, దూరం, చార్జీ ఉన్న పేజీ గ్యాంగ్‌మన్‌కు పనికిరాదు. అప్పుడు అడగండి: ఈ మూడింటిలో నిజమైన రైలు మార్గం ఏది? కొందరు మూడూ కలిపితే అది అంటారు. కలిపిన పేజీని ఎవరు వాడతారని అడగండి. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎంత కావాలో అంతే ఉంచుకుని, తక్కినదంతా తెలిసే వదిలేసిన వర్ణనకే మోడల్ అని పేరు అన్న సంగతి ఈ చర్చలో వాళ్ల నోటి నుంచే రావాలి. దాన్ని మీరు ముందుగా నిర్వచనంగా రాయిస్తే పరీక్షలో తిరిగి వస్తుంది గానీ పనిలోకి రాదు.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టండి. సెమిస్టర్‌లో గీసే ప్రతి డయాగ్రమ్‌కూ పైభాగాన అది జవాబు చెప్పే ప్రశ్న ఒక పూర్తి వాక్యంగా ఉండాలి, అడుగున తెలిసి వదిలేసిన విషయాలు కనీసం మూడు ఉండాలి. అవి లేని కాగితాన్ని దిద్దకుండా తిరిగి ఇచ్చేయండి. రెండు మూడు వారాలు విద్యార్థులు దీన్ని లాంఛనంగా చూస్తారు. ఆ తరువాత ప్రశ్న తేలనిదే పెన్సిల్ పట్టరు.

రెండో మెట్టు: వెళ్లి చూడగలిగిన వ్యవహారాన్ని ఎంచుకోండి

గ్రంథాలయం, ఏటీఎం, విమానం టికెట్లు: ఈ మూడు ఉదాహరణలనూ మానేయడం మంచిదని నా అభిప్రాయం. వాటి డయాగ్రమ్‌లు సిద్ధంగా దొరుకుతాయి. అంతకన్నా ముఖ్యంగా, సందేహం వస్తే అడగడానికి అవతల మనిషి ఉండడు. వ్యవహారం నడకదూరంలో ఉండాలి, అందులో సరుకో సొమ్మో చేతులు మారుతూ ఉండాలి, లెక్క దగ్గర అప్పుడప్పుడూ మాటామాటా వచ్చేదిగా ఉండాలి. తగవు ఉన్నచోట మాటలకు రెండు అర్థాలు ఉంటాయి. మోడలింగ్ నేర్వడానికి అంతకు మించిన చోటు లేదు.

గజపతి జిల్లా కొండవాలుల్లో జీడితోటలు ఉన్నాయి. మార్చి నుంచి మే వరకు సంతల్లోనూ, రోడ్డు పక్క కాటాల దగ్గరా పచ్చి జీడిపిక్కలు కొంటారు. సరిహద్దుకు అవతల పలాసలో వాటిని కాల్చి, కొట్టి, పప్పు తీసే కర్మాగారాలు ఉన్నాయి. ఈ ప్రాంతంలో జీడిపిక్కల ధర 80 కిలోల బస్తా లెక్కన చెబుతారు. ఆ చిన్న వివరం గుర్తుపెట్టుకోండి. జనవరిలో సెమిస్టర్ మొదలైతే, పాఠం పదును ఎక్కేసరికి కొనుగోళ్లు కూడా ఊపందుకుంటాయి. మీ ఊళ్లో జీడి లేకపోతే పాల సేకరణ కేంద్రమో, ఇటుకల బట్టీయో, నేత మగ్గాలకు నూలు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు దుకాణమో చూడండి.

కొనుగోలుదారు అనుమతి ముందే తీసుకుని, నలుగురేసి విద్యార్థుల జట్లను రెండు గంటలు అక్కడ కూర్చోబెట్టండి. ఒకరు మాత్రమే ప్రశ్నలు అడగాలి. ఇద్దరు విన్న మాటలను విన్నట్టే రాయాలి. నాలుగోవారు అక్కడ వాడే చీటీలను, ఖాతా పుస్తకం గళ్లను చూసి కాగితం మీదకు ఎక్కించాలి. ల్యాప్‌టాప్‌లు వద్దు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోకూడదని గట్టిగా చెప్పండి; మోడల్‌కు వాటితో పని లేదు.

విన్నట్టే రాయడం అన్నది విద్యార్థులకు కష్టమైన పని. షావుకారు ‘తరుగు’ అంటే వీళ్లు వెంటనే ‘డిడక్షన్’ అని రాస్తారు. అప్పుడు ఈ ఊరివారే చేసి చూపిన పని గుర్తుచేయండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను సవరల నోటనే విని నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి విన్న తరువాత 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. విన్న మాటకు మనకు తెలిసిన మాటను అతికించి ఊరుకుంటే ఆ వ్యాకరణం పుట్టేది కాదు. కొత్త వ్యవహారంలో అడుగుపెట్టే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా ముందు చేయవలసింది అక్కడి భాషను అక్కడివారి నుంచి వినడమే.

తిరిగి వచ్చిన తరువాత ప్రతి జట్టూ ఒక పదపట్టిక తయారు చేయాలి. తెలుగులో ఏమన్నారు, ఒడియాలో ఏమన్నారు, ఏ సందర్భంలో అన్నారు, మన మోడల్‌లో దానికి ఏ ఒక్క పేరు వాడతాం అన్నవి అందులో నాలుగు గళ్లు. పేరు ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు. ఒక భావానికి ఒకే పేరు ఉండాలి, ఒక పేరు రెండు భావాలకు వాడకూడదు. కోడ్‌లో పేర్లు ఇంగ్లిషులో ఉండాలనుకుంటే ఆ మార్పు ఈ పట్టికలోనే జరగాలి గానీ ఎవరికి వారు కోడ్ రాసేటప్పుడు జరగకూడదు.

మూడో మెట్టు: ఒక్క చీటీతో మొదలుపెట్టండి

మొత్తం బోధనలో నేను ఎక్కువ సమయం ఇచ్చేది ఈ మెట్టుకే. మూడు వారాలు దీనికే పోయినా నష్టం లేదు. విద్యార్థికి క్లాస్ అంటే ఏమిటో ముందు చెప్పి, తరువాత ఉదాహరణగా ఆబ్జెక్ట్ చూపడం మన అలవాటు. దాన్ని తిరగేయండి. ఒక నిర్దిష్టమైన రోజున, ఒక నిర్దిష్టమైన కాటా దగ్గర జరిగిన ఒక్క కొనుగోలును తీసుకుని, అందులో కంటికి కనిపించిన ప్రతిదాన్నీ ఆబ్జెక్ట్ డయాగ్రమ్‌గా గీయమనండి.

నా తరగతిలో వాడే చీటీ ఇది. అంకెలు లెక్క తేలికగా తెగడానికి నేను సర్దినవే గానీ పద్ధతి అక్కడిదే. తోట నుంచి సరుకు తెచ్చిన ఒకామె మూడు గోనెలు దింపింది. కాటా మీద ఒకటి 82 కిలోలు, ఒకటి 81½ కిలోలు, సగం నిండినది 39½ కిలోలు తూగాయి, మొత్తం 203. గోనెకు కిలో చొప్పున తరుగు 3 పోగా 200. బస్తా ధర 9,600 రూపాయలు. చీటీ మీద షావుకారు రాసింది: ‘2½ × 9600 = 24000. అడ్వాన్సు 5000. ఇవ్వవలసినది 19000.’

ఒక జట్టు దీన్ని ఇలా గీసింది: ‘కొనుగోలు’ అని ఒక పెట్టె, దానికి కలిపి ‘బస్తా’ అని మూడు పెట్టెలు, ఒక్కో బస్తాకు బరువు, ధర. చూడడానికి చక్కగా ఉంది. బస్తాలు ఎన్ని అని అడిగాను. మూడు అన్నారు. చీటీలో ఎన్ని ఉన్నాయి అన్నాను. ఒకమ్మాయి చీటీ మళ్లీ చూసి, రెండున్నర ఉందండీ, షావుకారు తప్పు రాశాడేమో అంది. మరొకడు, సగం నిండినదాన్ని అర బస్తాగా లెక్కపెట్టి ఉంటాడన్నాడు. ఆ సమాధానం ఇక్కడ కుదిరినట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. మూడు గోనెల్లో 70, 70, 60 కిలోలు ఉంటే ఎంత రాస్తాడు అని అడిగాను. తరగతి నిశ్శబ్దమైపోయింది.

జవాబు నేను చెప్పలేదు. మరుసటి వారం వాళ్లనే కాటా దగ్గరకు పంపాను. వాళ్లు అడిగిన ప్రశ్న విని ఆ షావుకారు అన్నమాటను ఒక విద్యార్థి విన్నది విన్నట్టు రాసుకొచ్చాడు: ‘బాబూ, నువ్వడిగేది గోనె సంగతా, లెక్క సంగతా?’

ఆ ఒక్క మాటలో పాఠమంతా ఉంది. అక్కడ ‘బస్తా’ అన్న మాట రెండు పనులు చేస్తోంది. దింపేటప్పుడు, హమాలీకి కూలి ఇచ్చేటప్పుడు బస్తా అంటే గోనె. అది ఒక వస్తువు, దాన్ని వేలుపెట్టి చూపవచ్చు, అది చిరగవచ్చు, అది సగం ఉండదు. ధర కట్టేటప్పుడు బస్తా అంటే 80 కిలోలు. అది కొలత, రెండున్నర కావచ్చు, రెండుంపావు కావచ్చు. ‘మూడు బస్తాలు దింపాను, రెండున్నర బస్తాలకు డబ్బిచ్చాడు’ అని ఆ రైతు ఇంటికి వెళ్లి చెబితే రెండు సగాలూ నిజమే. విద్యార్థుల పెట్టెలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోయాయి. ఆ మోడల్‌తో సాఫ్ట్‌వేర్ తయారైతే హమాలీకి రెండున్నర గోనెల కూలి వస్తుంది, లేదా రైతుకు మూడు బస్తాల ధర పడుతుంది. తప్పు ఎవరి జేబు మీద పడుతుందో చెప్పినప్పుడే విద్యార్థికి మోడలింగ్ ఎందుకో మనసుకు పడుతుంది.

ఇక్కడి నుంచి మీరు విద్యార్థులకు ఇవ్వవలసిన పరీక్షలు రెండు ఉన్నాయి. పెట్టెగా గీసిన ప్రతిదాని గురించీ ‘దీన్ని వేలుపెట్టి చూపగలమా, లేక చీటీ మీద తేదీతో గుర్తించగలమా?’ అని అడగాలి. చూపలేనిది సాధారణంగా విలువ. దాని చోటు పెట్టె లోపల. రెండో పరీక్ష: ‘అచ్చం ఇలాంటిదే ఇంకొకటి పక్కన పెడితే, ఏది ఏదో తెలియడం అవసరమా?’ రెండు 500 రూపాయల మొత్తాల మధ్య తేడా అక్కరలేదు. 500 చొప్పున ఇచ్చిన రెండు అడ్వాన్సుల మధ్య తేడా తప్పనిసరిగా కావాలి. కనీసం ఐదు చీటీలను ఇలా ఆబ్జెక్ట్ డయాగ్రమ్‌లుగా గీసిన తరువాతే క్లాస్ అన్న మాట ఎత్తండి.

నాలుగో మెట్టు: క్లాస్ డయాగ్రమ్‌ను తెలుగులో చదివించండి

ఐదు ఆబ్జెక్ట్ డయాగ్రమ్‌లను బల్లమీద పరిచి, అన్నింటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించేవి ఏవి అని అడిగితే క్లాసులు వాటంతట అవే తేలతాయి. గుర్తుల పరిచయానికి ఒక తరగతి చాలు. కష్టమంతా గీతల చివర రాసే అంకెల దగ్గర, అంటే మల్టిప్లిసిటీ దగ్గర ఉంటుంది.

ఇక్కడ మన భాష ఒక చిక్కు తెస్తుంది, ఒక పరిష్కారమూ ఇస్తుంది. ‘ఒక్కో కొనుగోలుకు తూకాలు ఉంటాయి’ అని విద్యార్థి అంటాడు. ఆ ‘ఉంటాయి’లో తప్పనిసరి అన్న అర్థం ఉందో, మామూలుగా ఉంటాయన్న అర్థం ఉందో తెలియదు. కాబట్టి మల్టిప్లిసిటీ చదివేటప్పుడు ‘ఉంటుంది’, ‘ఉంటాయి’ అన్న మాటలను నిషేధించండి. వాటి బదులు ‘ఉండి తీరాలి’, ‘లేకపోయినా ఫరవాలేదు’, ‘ఒకటికి మించకూడదు’, ‘ఎన్నయినా ఉండవచ్చు’ అన్న నాలుగు ముగింపులే వాడనివ్వండి. ప్రతి గీతనూ రెండు వైపుల నుంచి చదవాలి: ‘ఒక్కో కొనుగోలుకు ఒక్క తూకమైనా ఉండి తీరాలి, ఆపైన ఎన్నయినా ఉండవచ్చు, ఒక్కో తూకానికి కొనుగోలు ఉండి తీరాలి, ఒకటికి మించకూడదు.’ రెండో సగం చదవగానే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: తూచిన తరువాత ధర కుదరక రైతు సరుకు వెనక్కి తీసుకుపోతే ఆ తూకానికి కొనుగోలేదీ? గీత చివర అంకె మారుతుంది. గట్టిగా చదవడం వల్ల బయటపడే ఇలాంటి తప్పులు కళ్లతో చూస్తే బయటపడవు.

డేటాబేస్ పాఠం నుంచి తెచ్చుకునే అలవాట్లను కూడా ఈ మెట్టులోనే వదిలించాలి. వస్తువులను, వాటి మధ్య సంబంధాలను చూపడానికి పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఎంటిటీ–రిలేషన్‌షిప్ మోడల్‌ను వీళ్లు అంతకుముందే చదివి ఉంటారు. అది మంచి పునాదే. అయితే దాన్ని పట్టికలుగా మార్చిన రోజు నుంచి వీళ్ల ఊహ పట్టికల్లోనే సాగుతుంది. ప్రతి పెట్టెలో ఒక ఐడీ, పక్క పెట్టె ఐడీ కూడా రాస్తారు. గీత గీసిన చోట మళ్లీ ఐడీ రాయనక్కరలేదని, రాస్తే ఒకే విషయం రెండుసార్లు చెప్పినట్టవుతుందని ఓపికగా దిద్దాలి.

ఇన్‌హెరిటెన్స్ మీద, అంటే పై క్లాస్ లక్షణాలు కింది క్లాసులకు వారసత్వంగా వచ్చేలా గీయడం మీద, విద్యార్థులకు ఉండే మోజు ఇంకొకటి. ‘వ్యక్తి’ అని పైన ఒక క్లాస్, కింద ‘రైతు’, ‘దళారి’ అని రెండు క్లాసులు గీయని జట్టు నాకు ఇంతవరకు కనబడలేదు. సంతకు వెళ్లి చూస్తే, తన తోట పిక్కలతో పాటు పక్క ఊరివాళ్ల పిక్కలు కూడా తెచ్చి అమ్మే మనిషి ఒకే చీటీ మీద రైతూ అవుతాడు, దళారీ అవుతాడు. రైతుతనం, దళారీతనం ఆ మనిషి పుట్టుక లక్షణాలు కావు. ఆ కొనుగోలులో అతని పాత్రలు. పాత్రను గీత చివర పేరుగా రాయాలి. ఇన్‌హెరిటెన్స్ గుర్తును పదో వారం వరకు అసలు చెప్పకుండా ఉంటే ఈ సమస్య చాలావరకు తప్పుతుంది. నేను అలాగే చేస్తున్నాను.

ఐదో మెట్టు: మోడల్‌ను విరగ్గొట్టించండి

తమ మోడల్ సరైనదని విద్యార్థులు ఎలా నిరూపించాలి? నిరూపించనక్కరలేదు, పడగొట్టడానికి ప్రయత్నించాలి. ప్రతి జట్టూ మరో జట్టు మోడల్ కోసం పది సంఘటనలు రాయాలి. ఐదు సంఘటనలు వ్యవహారంలో నిజంగా జరిగేవి, మోడల్ ఒప్పుకోవలసినవి. మిగతా ఐదు జరగకూడనివి, మోడల్ తిప్పికొట్టవలసినవి. తూకం లేని సరుకుకు డబ్బు ఇవ్వడం, తరుగు మొత్తం బరువును మించడం రెండో రకానికి ఉదాహరణలు. ఒక్కో సంఘటననూ ఆబ్జెక్ట్ డయాగ్రమ్‌గా గీసి, అది క్లాస్ డయాగ్రమ్‌లో ఇముడుతుందో లేదో చూడాలి.

పోయిన సెమిస్టర్‌లో ఒక జట్టు వేసిన సంఘటన ఇది. రైతుకు పంటకు ముందే 5,000 అడ్వాన్సు ఇచ్చారు. అతను మొదటిసారి తెచ్చింది 30 కిలోలే; బస్తా 9,600 అంటే కిలో 120, మొత్తం 3,600 అయింది. అవతలి జట్టు మోడల్‌లో అడ్వాన్సు ‘కొనుగోలు’ పెట్టె లోపల ఒక అంకెగా ఉంది. 3,600 లో నుంచి 5,000 తీసేస్తే ఇవ్వవలసినది మైనస్ 1,400. ఆ 1,400 వచ్చేవారం తెచ్చే సరుకులో సర్దుబాటు కావాలి; కానీ వచ్చేవారం కొనుగోలు ఇంకా పుట్టనే లేదు, అంకె నిలవడానికి చోటు లేదు. గంటసేపు వాదించుకున్న తరువాత అడ్వాన్సును సొంత క్లాస్‌గా బయటకు తీశారు. అడ్వాన్సుకు, కొనుగోలుకు మధ్య ‘సర్దుబాటు’ అని ఇంకో క్లాస్ పుట్టింది, ఏ కొనుగోలులో ఎంత సర్దారో అది చెబుతుంది. ఇదే సంగతి నేను బోర్డు మీద రాసి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. వాళ్లకు మాత్రం ఏమీ మిగిలేది కాదు.

కాగితం మీద ఇది అలవాటయిన తరువాత, ఎంఐటీలో డేనియల్ జాక్సన్ రూపొందించిన అలాయ్ అనే ఉచిత సాధనాన్ని ఒక ల్యాబ్‌లో చూపవచ్చు. మోడల్‌ను, నియమాలను రాసి ఇస్తే, మనం చెప్పిన చిన్న పరిధిలో, అంటే ముగ్గురు రైతులు, మూడు కొనుగోళ్లు అన్నంతలో, నియమం తప్పే సందర్భం ఉందేమో అది వెతికి చూపుతుంది. చాలా తప్పులు చిన్న ఉదాహరణలోనే బయటపడతాయన్న నమ్మకం మీద అది పనిచేస్తుంది. తరగతి అంతటికీ దాన్ని నిర్బంధం చేయకండి. ఆసక్తి ఉన్నవారు దాన్ని వదలరు.

ఆరో మెట్టు: కదలికను గీయించండి

ఇంతవరకు గీసినది నిలిచి ఉన్న చిత్రం. ఇక సరుకు ప్రయాణం. దింపినది, తూచినది, ధర కుదిరినది, చెల్లింపు పూర్తయినది అని నాలుగు స్థితులు గీసి, బాణాలు ఎడమ నుంచి కుడికి పెట్టి, పని అయిపోయిందంటారు విద్యార్థులు. డేవిడ్ హారెల్ 1987లో స్థితులను, వాటి మధ్య మార్పులను చూపే స్టేట్‌చార్ట్‌లను పరిచయం చేసిన నాటి నుంచి ఈ రకం డయాగ్రమ్ అసలు బలం, ఏ స్థితిలో ఏది జరగడానికి వీల్లేదో స్పష్టంగా చెప్పగలగడమే. కాబట్టి ప్రతి స్థితి దగ్గరా మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడి నుంచి వెనక్కి పోయే దారి ఉందా? ఇక్కడే ఆగిపోతే ఏమవుతుంది? ఇక్కడికి రెండుసార్లు వస్తే ఏమవుతుంది?

మూడో ప్రశ్న యూపీఐ చెల్లింపు దగ్గర పనికొస్తుంది. కొండ దిగువ సంతల్లో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. షావుకారు 19,000 పంపిస్తాడు, తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. చెల్లింపు అయిందా, కాలేదా? విద్యార్థుల మోడల్‌లో ‘అయింది’, ‘కాలేదు’ అని రెండే స్థితులు ఉంటాయి. ‘తెలియదు’ అన్నది కూడా ఒక స్థితేనని, అందులో ఉండగా మళ్లీ పంపే బాణం ఉండకూడదని, ముందు విచారించే బాణమే ఉండాలని గ్రహించడానికి వాళ్లకు ఈ దృశ్యం ఒక్కటి చాలు. వాళ్లలో చాలామంది టీ దుకాణం దగ్గర అదే అవస్థ పడి ఉంటారు.

సీక్వెన్స్ డయాగ్రమ్‌కు ముందు ఒక ఆట ఆడించండి. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1989లో పరిచయం చేసిన సీఆర్‌సీ కార్డుల పద్ధతి దీనికి ఆధారం. ఒక్కో విద్యార్థి ఒక్కో క్లాస్ పేరు, దాని బాధ్యతలు, దానికి కావలసిన తోడు క్లాసులు రాసిన అట్టముక్క పట్టుకుని వలయంగా నిలబడాలి. ఒక నూలు ఉండను ‘కొనుగోలు’ చేతికి ఇచ్చి, చీటీలోని లెక్క పూర్తి చేయమనండి. ఎవరిని ఏది అడగాలన్నా దారం కొస పట్టుకుని ఉండ వాళ్లకు విసరాలి. లెక్క తెగేసరికి దారమంతా ‘కొనుగోలు’ చేతిలోనే చిక్కుపడి ఉంటే, తక్కినవాళ్లు ఊరికే నిలబడి ఉంటే, బాధ్యతలు పంచడంలో లోపం ఎక్కడుందో చెప్పనక్కరలేదు. అప్పుడు అట్టముక్కలు తిరగరాసి మళ్లీ ఆడించి, మూడోసారి ఆట సాఫీగా సాగాక దాన్ని సీక్వెన్స్ డయాగ్రమ్‌గా గీయించండి.

ఏడో మెట్టు: కోడ్ రాయించి, ఆ తరువాత కోరిక మార్చండి

పదో వారం నాటికి ప్రతి జట్టూ తన మోడల్‌లో ఒక చిన్న భాగాన్ని, ఒక చీటీ లెక్కనైనా, పనిచేసే ప్రోగ్రామ్‌గా రాయాలి. పదకొండో వారం ముందుగా చెప్పకుండా ఒక మార్పు ప్రకటించండి: పిక్కల్లో తేమ ఎక్కువగా ఉంటే బరువులో అదనపు తరుగు తీస్తారు. కోడ్ ముట్టుకోకముందే డయాగ్రమ్‌లో ఏ పెట్టెలు మారతాయో ఎర్ర కలంతో గుర్తుపెట్టించి, మార్పు పూర్తయ్యాక నిజంగా మారినవాటిని నీలి కలంతో గుర్తుపెట్టించండి. ఎరుపు, నీలం ఎక్కడెక్కడ కలవలేదో అదే ఆ వారం పాఠం.

సాధనాల గురించి ఎక్కువ చెప్పను. మొదటి ఆరు వారాలు కాగితం, పెన్సిల్, రబ్బరు. తరువాత ప్లాంట్‌యూఎంఎల్ లేదా మెర్మెయిడ్ వాడించండి. డయాగ్రమ్‌ను అక్షరాలుగా రాస్తారు కాబట్టి కోడ్‌తో పాటు, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలో దాచవచ్చు, నిన్నటికీ నేటికీ ఏది మారిందో చూడవచ్చు. కృత్రిమ మేధ సాధనాలు నిమిషంలో డయాగ్రమ్ గీసి ఇస్తున్నాయి. వాటిని దాచడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అలా వచ్చిన డయాగ్రమ్‌ను తరగతికి ఇచ్చి, ఐదో మెట్టులో చెప్పిన పది సంఘటనలతో పరీక్షించమనండి. గోనె సంగతా, లెక్క సంగతా అన్నది కాటా దగ్గరకు వెళ్లి అడిగినవాళ్లు దానిలో లోపాన్ని తేలికగానే పట్టుకుంటారు.

ఎనిమిదో మెట్టు: మార్కులు దేనికి ఇవ్వాలి

విద్యార్థులు దేనికి మార్కులు పడతాయో అదే నేర్చుకుంటారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకని వందలో గుర్తుల శుద్ధతకు 10 మాత్రమే ఉంచాను. పదపట్టికకు, డయాగ్రమ్ పైన రాసిన ప్రశ్నకు, వదిలేసినవాటి జాబితాకు కలిపి 30. సంఘటనలతో పరీక్షించి, దిద్దుకున్న చరిత్రకు 35. ఇందులో మొదటి తప్పు మోడల్‌ను కూడా భద్రపరిచి చూపాలి, చెరిపేసినవారికి మార్కులు తగ్గుతాయి. మిగిలిన 25 మౌఖిక పరీక్షకు.

ఆ మౌఖిక పరీక్ష నడిపే తీరు మాత్రం వివరంగా చెప్పాలి. డయాగ్రమ్ గీసిన జట్టును బల్లకు ఒక పక్క కూర్చోబెట్టి, మాట్లాడకూడదని చెప్పండి. ఇంకో జట్టు ఆ డయాగ్రమ్‌ను మొదటిసారి చూసి గట్టిగా చదవాలి, నాలుగో మెట్టులో చెప్పిన ముగింపులతో. చదివేవారు ఎక్కడ తడబడితే అక్కడ గీసినవారు కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. పదిహేను నిమిషాల తరువాత వాళ్లకు మాట్లాడే వంతు వస్తుంది. అప్పుడు చెప్పవలసింది సమర్థన కాదు, ఆ తడబాటు పోవడానికి డయాగ్రమ్‌లో ఏం మారుస్తారన్నదే. ఏ భాషలో చెప్పినా సరే. వీలైతే ఆ రోజు కాటా దగ్గరి మనిషిని కూడా పిలవండి. మా దగ్గర షావుకారు ఒకరు వచ్చి, పెట్టెలు గీతలు ఏమీ తెలియకుండానే, చదువుతున్నది వింటూ మధ్యలో ఆపి, ‘పాత అడ్వాన్సు తీరకుండా కొత్తది ఇవ్వం అని ఎవరు చెప్పారు? మేం ఇస్తాం’ అన్నారు. ఆ జట్టు అక్కడే ఒక అంకె కొట్టేసి, ‘ఎన్నయినా ఉండవచ్చు’ అని చెప్పే నక్షత్రం గుర్తు పెట్టింది.